అరవై మూడు అడుగులు

కాలికి బలపం కట్టుకుని తిరుగుతుందని
మా వాళ్లు నన్ను తిట్టేవారు.
షెఫీల్డ్ పోస్టాఫీసు దానికే జీతమిచ్చింది,
పందొమ్మిదేళ్లు.
వాక్లీ కొండమీద ఏ ఇంటికి ఎన్ని మెట్లో
కళ్లు మూసుకుని చెప్పగలను.
బ్లేక్ స్ట్రీట్ ఎక్కలేక జనం ఇనప కమ్మీ పట్టుకుంటే
నేను రెండు చేతులా ఉత్తరాలు పట్టుకుని ఎక్కేదాన్ని.

ఇప్పుడు ఎడమ కాలు నాది కాదని అనను.
నాదే. మాట వినదు, అంతే.
మోకాలొక్కటే మడవమంటాను.
తొడ గట్టిపడుతుంది, పిక్క రాయవుతుంది,
పాదం లోపలికి తిరుగుతుంది,
బూటులో వేళ్లు పిడికిలి బిగిస్తాయి.
గుమ్మంలో నిలబడి ఒక్కర్ని పేరు పెట్టి పిలిస్తే
వీధి వీధంతా తలుపులు తీసుకుని వచ్చినట్టు.
ఆవలిస్తే చాలు, అడక్కుండానే మడమ లేస్తుంది.
ఈ కాలిని నేను ముందుకు వేయను,
పక్కనించి తిప్పి తెస్తాను,
కొడవలి ఆడినట్టు.

ఆస్పత్రిలో బ్రోనా మంచి పిల్ల.
వారానికి ముప్పావుగంట.
అందులోనే బూట్లు విప్పడం, తొడగడం, బీపీ, కాగితాలు,
వాన గురించి నాలుగు మాటలు.
అలవాటు కొద్దీ లెక్కపెట్టాను:
నేను వేసినవి అరవై మూడు అడుగులు.
డ్యూటీలో అరవై మూడంటే
మూడిళ్లు.
అందులో ఒకటి కుక్క ఉన్న ఇల్లు.

పన్నెండో వారం
డాక్టర్ విట్‌కమ్ కాగితం నా వైపు తిప్పాడు.
పది మీటర్లు, నలభై ఒక్క సెకన్లు.
కర్రతో సొంతంగా నడుస్తుంది. క్షేమం. టిక్కు.
“ఇక్కడికొచ్చి ఆగిపోయింది, హైమవతీ,
చాలామందికి ఇక్కడే ఆగుతుంది” అన్నాడు, మెత్తగా.
ఆ మెత్తదనానికే ఒంటికాలి మీద లేచాను.
లేవడానికి నాకున్నదీ ఒంటికాలే.

ఆగింది కాలా, మీరా?
ఏ కండరం ముందే బిగుస్తోందో,
ఏది వదలాల్సినప్పుడు వదలడం లేదో
ఒక్కసారైనా చూశారా?
రోడ్డుకవతల యూనివర్సిటీలో
పరుగుపందెం కుర్రాళ్ల పిక్కలకి తీగలంటించి
గీతలు గీసే యంత్రముందట.
వాళ్లకి సెకనులో వందో వంతు తగ్గాలి.
నాకు బస్సు మెట్టు ఎక్కాలి.
సూది ఇచ్చారు. పిక్క మెత్తబడింది, మూడు నెలలు.
మెత్తబడ్డ ఆ మూడు నెలల్లో నడక నేర్పేవాళ్లు లేరు.
తాళం తీసి, తలుపు తోయడానికి మనిషి లేడన్నట్టు.
పక్కింటి షానెల్ కూతురు ఈ ఏడే నడక నేర్చింది.
పొద్దుటినించీ పడుతుంది, లేస్తుంది, సోఫా పట్టుకుంటుంది,
మళ్లీ పడుతుంది.
పన్నెండో వారంలో ఆ పిల్లకి
ఎవరైనా టిక్కు పెట్టి పంపేశారా?

బ్రోనా నేలకేసి చూస్తోంది.
ఆమె జాబితాలో ఆ పూటకి ఇంకా పదకొండు పేర్లున్నాయి.
కోపం నీ మీద కాదమ్మా అందామనుకున్నాను.
అప్పటికే నాలుక కూడా అలిసి మొద్దుబారింది.

నిన్న కీరన్ వచ్చాడు. నా బీటే ఇప్పుడు వాడిది.
మెట్లమీద వినిపించింది.
మడమ, వేళ్లు. మడమ, వేళ్లు.
ఎంత తేలిగ్గా వదిలేస్తాడో ఒక కాలిని,
రెండోది పట్టుకుంటుందన్న ధీమాతో.
కవరులో రెండు వాక్యాలు:
మీ అభ్యర్థన అందింది. జాబితాలో చేర్చాం.

రాత్రి జవాబు రాశాను.
కాళ్లావేళ్లా పడలేదు.
వారానికోసారి కాదు, రోజూ కావాలని రాశాను.
నిమిషాలు కాదు, అడుగులు లెక్కపెట్టండని రాశాను.
యంత్రం సంగతి రాశాను.
నాకొక్కదానికే కాదని, కింద గీత గీసి రాశాను.

తీసుకెళ్లి వేస్తానన్నాడు కీరన్, ఇవాళ. వద్దన్నాను.
ఎర్ర డబ్బా వీధి చివర, దిగువన.
ఎక్కడం కాదు, దిగడమంటేనే నాకు భయం.
కమ్మీ చల్లగా, తడిగా ఉంది.
నూట పన్నెండు దాకా లెక్కపెట్టాను.
తర్వాత ఎవరో పలకరిస్తే
లెక్క తప్పింది.